వీపు మీద ఇత్తడి ముంత

నేను పాసయ్యాను. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతా సంగతుల్లోకి వెళ్తాను, ఎందుకంటే దీన్ని లోపల దాచుకుని కూర్చోవడం నావల్ల కాదు. ఫిజియోథెరపీ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో సహా, మొత్తం. పుంగనూరు పక్క పల్లె మాది, గొర్రెల మీద బతికే ఇల్లు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. సర్టిఫికెట్ తెచ్చి నాయన చేతిలో పెడితే ఆయన తలగుడ్డతో చేతులు తుడుచుకుని, దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"నీ పేరు యాడుండాది, సూపీ."

వేలు పెట్టి చూపించాను.

"ఈ పక్కన?"

"అది కాలేజీ పేరు నాయనా."

"మరి నా పేరు?"

"ఇదిగో, ఈడ. చౌడప్ప."

"ఓహో," అని, గొర్రెల దొడ్డి దగ్గరున్న అమ్మను కేకేశాడు. "ఏమే, ఇట్రా! నేను గూడా పాసయినా!"

ఇది ఈ మధ్య సంగతి. ఏడాది మొదట్లో మాత్రం నా కుడిచేత్తో నేను జడ వేసుకోలేకపోయాను. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోవడానికి తలను కంచం మీదికి వంచాల్సి వచ్చేది. చేతులతో మనుషులను బాగుచేసే చదువు చదివి, ఆ చెయ్యే లేకుండా పోతుందేమోనని నెలల తరబడి భయపడ్డాను. ఇప్పుడు ఆ భయం కాస్త దూరం జరిగింది కాబట్టి, మళ్లీ దగ్గరికి రాకముందే రాసేస్తున్నాను. మెడనొప్పితో ఏ ఆస్పత్రి బెంచీ మీదో కూర్చుని ఇది చదువుతున్నవాళ్లు ఉంటే వాళ్ల కోసం. ఇంట్లో చెంబో ముంతో తీసి వీపు మీద బోర్లించాలని చూస్తున్నవాళ్లు ఉంటే వాళ్ల కోసం ఇంకా ముఖ్యంగా.

ఫిబ్రవరి, కుప్పం

ఎముకల వార్డులో నా పోస్టింగ్. మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనను మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన బాగానే కూర్చున్నాడు. నాకే మెడలో కలుక్కుమంది. పట్టించుకోలేదు.

మరుసటి ఉదయానికి మెడ నుంచి కుడి రెక్క ఎముక కిందుగా, భుజం మీదుగా మోచేతి దాకా నిప్పులో కాల్చిన తీగ ఒకటి పాకుతున్నట్టు ఉంది. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. బ్రష్ పట్టుకుంటే జారి సింకులో పడింది.

"ఏందే మంజూ, బ్రష్‌ని గూడా మొయ్యలేకుండా ఉండావు?" అంది నా రూమ్మేట్ రేవతి, నవ్వుతూ. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. ఆ రోజు నుంచి నా జడ తనే వేసింది. తనకు వచ్చింది ఒకే రకం జడ, చిన్నపిల్లలకు వేసినట్టు రెండు జడలు, పైకి మడిచి. అలాగే వార్డుకు వెళ్లాను.

చదువుకున్నవాళ్లకు భయం పుస్తకంలో పేజీతో సహా వస్తుంది. ఏ నరం నొక్కుకుపోతే ఏ వేలు మొద్దుబారుతుందో, ఏ కండ బలం పోతుందో నాకు తెలుసు. రాత్రి పాఠం అప్పజెప్పుకున్నట్టు అన్నీ గుర్తొచ్చేవి.

అదే ఆస్పత్రిలో ఓపీకి వెళ్లాను. ఇన్నాళ్లూ ఏ కిటికీ అవతలి నుంచి పేర్లు పిలిచానో ఆ కిటికీ ఇవతల కూర్చున్నాను. ఆ హాల్లో ఫ్యాన్ గాలి వెనక వరుసల దాకా రాదని నాకు అప్పటిదాకా తెలియదు. మేము పిలిచే పేర్లు ఇక్కడికి సగమే వినిపిస్తాయనీ తెలియదు. పక్కన ఒకామె మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను ఎడమచేత్తో నీళ్ల సీసా మూతతో కుస్తీ పడుతుంటే, ఏమీ అడక్కుండా తీసుకుని తిప్పి ఇచ్చింది. తాగాక మూత పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"బిగించొద్దు పాపా. ఊరికే పెట్టుకో. మళ్లా తీసుకోవాల గదా."

స్కాన్‌లో తేలింది నేను అనుకున్నదే. మెడ ఎముకల మధ్య మెత్తటి చక్రం ఒకటి పక్కకు ఉబ్బి నరాన్ని నొక్కుతోంది. మందులు, విశ్రాంతి, నెమ్మదిగా వ్యాయామం అన్నారు డాక్టర్. చాలామందికి ఇలాగే తగ్గుతుందన్నారు. "చెయ్యి బలం ఇంకా తగ్గితే మాత్రం ఆపరేషన్ ఆలోచించాలి," అని కూడా అన్నారు. మొదటి మాట పేషెంట్‌గా విన్నాను, రెండోది స్టూడెంట్‌గా విన్నాను. ఆ రోజంతా రెండోదే వినిపించింది.

మా ఇంఛార్జ్ మేడమ్ మంచి మనిషి, మాట మాత్రం గట్టిది. "దీపావళి లోపల వచ్చి మిగిలిన పోస్టింగ్ పూర్తి చెయ్యి. అప్పటికీ కుడిచేతిలో పట్టు లేకపోతే నిన్ను పేషెంట్‌ని ముట్టనివ్వను మంజులా. వాళ్లు పడిపోతే ఎవరిది బాధ్యత?" అంది. నేనైనా అదే అనేదాన్ని.

రేవతి బ్యాగు మోసుకొచ్చి బస్సెక్కించింది. పలమనేరులో బస్సు మారేటప్పుడు ముక్కూమొహం తెలియని కండక్టర్ ఆ బ్యాగు దించి, పుంగనూరు బస్సులో పెట్టి, "చెయ్యి నొప్పామ్మా? కిటికీ పక్క కూసోవద్దు, ఊపుతాది," అని చెప్పి వెళ్లాడు.

ఇంట్లో

ఇంట్లో మొదటివారం అందరూ జాలిపడ్డారు. తర్వాత గొడవలు మొదలయ్యాయి. అమ్మ సంగటి ముద్దలు చేసి నా నోట్లో పెట్టేది, పెడుతూ తిట్టేది.

"ఆస్పత్రిలో రోగుల్ని మోసే పని ఆడపిల్లకు యాల? టీచరు సదువు సదవమంటే ఇన్నావా?"

"మోసే పని కాదమ్మా..."

"మోసినావు, మెడ పోయింది. ఇంగేంది?"

నాయన వాకిట్లో కూర్చుని తాడు పేనుతూ, "దానికి కావాల్సింది అది సదివింది. నోరు మూసుకో," అనేవాడు.

"నీకేమి, నువ్వు సెప్తావు. దాని తల దువ్వేది నేను, నీళ్లు పోసేది నేను. ఆ చెయ్యి రాకపోతే దాని గతేంది?"

ఆ మాట వినగానే నాయన తాడు పేనడం ఆపేసేవాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, గోడవైపు తిరిగి పడుకునేది. నాకు అన్నం సయించేది కాదు. అమ్మ మాట కటువుగా ఉన్నా అది నా ప్రశ్నే. నేను పైకి అనలేనిది ఆమె అనేసింది, అంతే తేడా.

ఏప్రిల్, మదనపల్లె

శైలజక్క మా కాలేజీలోనే మాకంటే చాలా ముందు చదివింది. మదనపల్లెలో ఒక విత్తనాల షాపు పైన చిన్న మసాజ్, ఫిజియోథెరపీ సెంటర్ నడుపుతుంది. రేవతే ఫోన్ చేసి మాట్లాడింది. నాయన నన్ను బస్సులో తీసుకెళ్లాడు.

మెట్లెక్కగానే పొడుగు బెంచీ, దాని మీద టమోటా మండీలో క్రేట్లు మోసే అన్నలు. చొక్కాలు విప్పి ఒళ్లో పెట్టుకుని, ఒకరి వీపు ఒకరు చూసుకుంటున్నారు. అందరి వీపుల మీదా గుండ్రటి మచ్చలు.

"నాది సూడు, నేరేడుపండు మాదిరి ఎక్కింది. నీది ఉత్త వంకాయ పువ్వు."

"నీకు అంత చెడ్డ రక్తం ఉండాది, అందుకే ఎక్కింది. నేను మంచోణ్ణి."

లోపలి నుంచి శైలజక్క గొంతు: "మచ్చలకు ప్రైజులు ఇవ్వను రెడ్డెప్పన్నా. చొక్కా తొడుక్కుని బయల్దేరు."

నా మెడ, చెయ్యి, వేళ్లు అన్నీ ఓపిగ్గా చూసింది. కుప్పంలో రాసిచ్చిన కాగితాలు చదివింది. తర్వాత అడిగింది, "కప్పింగ్ ఎప్పుడైనా చేయించుకున్నావా?" లేదన్నాను. మా పుస్తకాల్లో ఈ కప్పుల వైద్యం గురించి ఉన్నది చాలా తక్కువ. నొప్పి సంగతి ఒక్క క్షణం మర్చిపోయాను. "ముందు నాకు చూపించక్కా, ఎలా పట్టుకుంటుందో!"

"రోగివా, ఇన్‌స్పెక్టర్‌వా?" అంటూనే నా ఎడమ ముంజేతి మీద ఒక కప్పు పెట్టింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గిన్నె, పైన చిన్న మూత. దానికి పంపు తగిలించి ఒకసారి లాగేసరికి లోపల నా చర్మం పూరీ పొంగినట్టు పైకి లేచింది. అబ్బ, ఎంత వింతగా ఉందో! నా చర్మమే, నా కళ్ల ముందే. నొప్పి కాదు. చిన్నప్పుడు తల్లి లేని గొర్రెపిల్లకు పాలు తాగించేముందు వేలు నోట్లో పెట్టేవాళ్లం, అది చప్పున పట్టుకుని లాగేది కదా, అచ్చం ఆ లాగుడు. మూత కాస్త ఎత్తితే 'టుస్' మని గాలి దూరి కప్పు ఊడింది.

రెక్కకూ వెన్నెముకకూ మధ్య, రాయిలా బిగుసుకున్న చోట నూనె రాసి, ముందు చేతులతో మెల్లగా నొక్కింది. తర్వాత మెత్తటి రబ్బరు కప్పు ఒకటి పెట్టి దాన్ని కిందికీ పైకీ జరిపింది. చివర్లో పంపు కప్పులు కొన్ని కదపకుండా కాసేపు ఉంచింది. నొక్కితే కండ లోపలికి పోతుంది. ఇది పైకి లాగుతోంది. ఇన్నాళ్లూ మేము నేర్చుకున్నది నొక్కడమే. లాగితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. బోర్లా పడుకుని, మంచానికి మొహం కోసం చేసిన కంతలో నుంచి నేలను చూస్తూ ప్రశ్నల మీద ప్రశ్నలు.

"లోపల చెడ్డ రక్తం బయటికి వస్తుందంటున్నారు బయట అన్నలు. నిజమా అక్కా?"

"నీ రక్తంలో మంచిదొక సీసా, చెడ్డదొక సీసా ఉన్నాయా? చర్మం కింద సన్నటి నాళాలు చిట్లి రక్తం కాస్త ఊరుతుంది. అదే మచ్చ. వారం పది రోజుల్లో పోతుంది. మచ్చ ముదిరితే మేలు ఎక్కువని కాదు."

"మరి మేలు ఎందువల్ల?"

"నిజం చెప్పనా? పూర్తిగా నాకూ తెలియదు. బిగుసుకున్నది కాసేపు వదులవుతుంది, అది మాత్రం రోజూ చూస్తున్నాను. కప్పు నీ మెడలో ఉబ్బిన చక్రాన్ని లోపలికి తొయ్యదు. కాసేపు తలుపు తెరుస్తుంది. తెరిచి ఉన్నప్పుడే నువ్వు వ్యాయామం చేసుకోవాలి. మూసుకున్నాక వచ్చి తడితే లాభం లేదు."

లేచి కూర్చున్నాను. మెడ కుడివైపుకు, ముందుకంటే ఇంకొంచెం తిరిగింది. కుడిచెయ్యి చెవిదాకా వచ్చింది. చెవి! నాయనను లోపలికి పిలిచి చూపించాను. ఆయన నా చెయ్యిని, నా చెవిని మార్చి మార్చి చూసి, శైలజక్కతో, "నా మోకాలికి గూడా ఒగటి పెడతావామ్మా?" అన్నాడు.

తలుపు తెరిచి ఉన్న ఆ కాసేపూ నేను ఏం చేశానో చెప్పాలా? బస్సెక్కి, నాయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. నెలల తర్వాత నొప్పి లేని నిద్ర. అడ్డుకోవడం ఎవరి తరం? మరుసటి సాయంత్రానికి నొప్పి మళ్లీ వచ్చేది, మళ్లీ మదనపల్లె ఎప్పుడా అని ఎదురు చూసేదాన్ని. అలా కొన్నిసార్లు జరిగింది.

మే, మళ్లీ ఇల్లు

అసలు ఏప్రిల్‌లోనే, మొదటిసారి కప్పులు పెట్టించుకుని వచ్చిన మర్నాడు అమ్మ నాకు నీళ్లు పోస్తూ చెంబు కింద పడేసింది.

"అయ్యో దేవుడా! ఎవురే నిన్ను ఇట్ల కొట్టింది?"

కేకలకు అవ్వ, నాయన ఇద్దరూ వచ్చారు. నేను చీర చుట్టుకుని, "కొట్టలేదమ్మా, వైద్యం, వైద్యం," అంటున్నాను. ఎవరూ వినడం లేదు.

"గొర్రెకు రంగు సుక్కలు పెట్టినట్టు పెట్టినారు సూడు," అంది అమ్మ.

"ఇంగ యాడన్నా మందలో కలిసిపోయినా గుర్తుపట్టొచ్చులే," అన్నాడు నాయన. ఆయనకు విషయం తెలుసు, అమ్మ హడావుడి చూసి ముచ్చటపడుతున్నాడు.

అవ్వ మాత్రం దగ్గరికి వచ్చి, ఒక మచ్చ చుట్టూ వేలితో గీసి చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇది ముంత పట్టించేది గదే! బొడ్డు జారి కడుపునొప్పి వచ్చినోళ్లకు నేను పట్టిస్తాను, అదే. రాగిపిండి ముద్దలో వత్తి గుచ్చి, బొడ్డు మీద పెట్టి, వెలిగించి, పైన ముంత బోర్లిస్తే గుబుక్కున పట్టుకుంటాది. మీ నాయనకు ఎన్నితూర్లు పట్టించినానో అడుగు. దీనికి మదనపల్లెకు పోవాల్నా?"

నాకు ఎంత సంబరమయిందంటే, ఆ పూటంతా ఆమెను వదల్లేదు. వత్తి ఆరిపోగానే లోపల గాలి చల్లబడి ముంత చర్మాన్ని లాక్కుంటుంది. శైలజక్క పంపుతో చేసే పనే ఇక్కడ నిప్పు చేస్తోంది. మా ఇంట్లో, మా అటక మీద, ఇన్నాళ్లూ ఉన్న పనే! ఫోన్ చేసి రేవతికి చెప్పాను, శైలజక్కకు చెప్పాను. శైలజక్క, "భలే ఉందే. చూస్తే చూడు కానీ వీపు మీద మాత్రం పెట్టించుకోకు," అంది. మొదటి సగం బాగా గుర్తుంది నాకు.

మే నడిమధ్య ఒక మధ్యాహ్నం నొప్పి విపరీతంగా వచ్చింది. శైలజక్క ఎవరిదో పెళ్లికని వేరే ఊరు పోయింది. నేను బోర్లా పడుకుని ఏడుస్తున్నాను. అవ్వ అటక మీద నుంచి చిన్న ఇత్తడి ముంత దించి, చింతపండుతో తోమి తెచ్చింది.

"పెట్టనా?"

"పెట్టవ్వా."

రెక్క పక్కన బిగుసుకున్న చోట రాగి ముద్ద, వత్తి, ముంత. గుబుక్కుమంది. ఆ లాగుడు పంపుకంటే ఎంతో గట్టిది. లోపలి రాయి ఒక్కసారిగా లేచొచ్చినట్టు అనిపించింది. నొప్పి మునిగిపోయింది.

"ఎంతసేపు అత్తా?" అంది అమ్మ.

"నల్లగా ఎక్కాల. మండీ అన్నలకు నేరేడుపండు మాదిరి ఎక్కిందంట గదా, మన పాప సెప్పలా?"

చెప్పింది నేనే. శైలజక్క దానికి ఇచ్చిన జవాబు మాత్రం ఇంట్లో చెప్పలేదు. నవ్వు పుట్టించేది అన్నల మాటే కాబట్టి అదే చెప్పాను.

అప్పుడే బయట కేకలు. దొడ్డి తడిక తోసుకుని గొర్రెలన్నీ పక్కింటివాళ్ల టమోటా తోటలో పడ్డాయి. నాయన ఊళ్లో లేడు. అమ్మ కర్ర తీసుకుని పరిగెత్తింది. అవ్వ, "ఇప్పుడే వస్తా, కదలొద్దు," అని ఆమె వెనకే పరిగెత్తింది.

నేనూ, వీపు మీద ముంతా మిగిలాం.

మొదట కాసేపు హాయిగానే ఉంది. నిద్ర కూడా పట్టిందేమో. మెలకువ వచ్చేసరికి ఆ చోట మంట. పట్టు వదిలించే పద్ధతి నాకు తెలుసు, అంచు పక్కన చర్మాన్ని వేలితో నొక్కితే గాలి దూరి ఊడిపోతుంది. తెలుసు, కానీ చెయ్యి అందాలిగా? కుడిచెయ్యి చెవి దాటదు. ఎడమచెయ్యి వెనక్కి తిప్పితే వేళ్ల కొసలు ముంత అడుగుకు తగులుతున్నాయి తప్ప అంచుకు అందడం లేదు. "అవ్వా! అమ్మా!" అని అరిచాను. తోటలో నుంచి అమ్మ తిట్లు వినిపించాయి, నన్ను కాదు, గొర్రెలను.

లేచి నిలబడ్డాను. ముంత ఊడలేదు, వీపు మీద మూపురంలా వేలాడుతోంది. ద్వారబంధం దగ్గరికి వెళ్లి, దున్నపోతు గుంజకు రుద్దుకున్నట్టు ఆ అంచుకు వీపు ఆనించి రుద్దాను. పక్కింటి పిల్లి గోడ మీద కూర్చుని చూస్తోంది. ముంత అంచు ద్వారబంధానికి తగిలి, చర్మాన్ని ఈడ్చుకుంటూ పక్కకు జరిగి, 'ఢాం' అని నేల మీద పడింది.

అమ్మ, అవ్వ తిరిగి వచ్చేసరికి అరచెయ్యంత మేర బొబ్బలు లేచాయి. ఒకచోట తోలు ఊడింది.

జూన్, జూలై

పుండు చీము పట్టింది. జ్వరం. పుంగనూరులో డాక్టర్ దగ్గర కట్లు కట్టించుకోవడం, వెల్లకిలా పడుకోలేకపోవడం, పక్కకు పడుకుంటే మెడ నొప్పి. నిజంగా కుంగిపోయింది అప్పుడే. ఉబ్బిన చక్రం నేను కోరి తెచ్చుకున్నది కాదు. ఈ పుండు మాత్రం మా ఇంట్లో మేమే చేసుకున్నది. ఇక దీపావళి లోపల కుప్పం వెళ్లేది కలే అనుకున్నాను.

మదనపల్లె వెళ్లినప్పుడు శైలజక్కకు ద్వారబంధం కథ చెప్పాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. కట్టు విప్పి చూశాక నవ్వు పోయింది.

"ఈ తోలు మానేదాకా ఏ కప్పూ లేదు, ఈ చుట్టుపక్కల నొక్కడమూ లేదు."

"మరి నా చెయ్యి?"

"వ్యాయామం ఉందిగా. ఇన్నాళ్లూ కప్పు తీయగానే చేసుకున్నావా?"

నేను నేల చూశాను.

"బస్సులో నిద్రపోయేది," అన్నాడు నాయన, పక్కనే కూర్చుని. ఆయనకు అబద్ధం రాదు.

ఆ రోజు నుంచి రోజూ వేడినీళ్ల స్నానం, వెంటనే వ్యాయామం. గడ్డం లోపలికి లాక్కోవడం, రెక్కలు దగ్గరికి తేవడం, గోడ మీద వేళ్లతో పైకి పాకడం. గోడ మీద నా వేలు ఎంతవరకు ఎక్కిందో నాయన సుద్దతో గీత పెట్టేవాడు. కొన్నాళ్లు గీత కిందికి దిగేది. ఆ రోజుల్లో ఆయన గీత పెట్టడం మర్చిపోయినట్టు నటించేవాడు.

ఇంట్లో అన్నిటికంటే కష్టం అవ్వతో అయింది. ఆమె నన్ను తాకడం మానేసింది. ముంతను అటక మీద ఎక్కడో లోపలికి తోసేసింది. నేను పిలిస్తే దూరం నుంచే పలికేది, నా గదిలోకి వచ్చేది కాదు. అన్నం తింటున్నప్పుడు అమ్మ ఒకసారి, "ముసలామె ముంత పెట్టె, పాప తోలు ఊడె," అని గొణిగింది. అవ్వ కంచం పక్కకు పెట్టి లేచిపోయింది.

ఆమె దొడ్డి దగ్గర కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ముంత పట్టించేది నీకు ఎవరు నేర్పించారు?"

"మా అమ్మ."

"ఏం చెప్పింది?"

"బొడ్డు మీద తప్ప ఇంగ యాడా పెట్టొద్దనె. పట్టించినంక మనిషిని వొదిలి పక్కకు పోవద్దనె. రెండూ మర్సిపోయినా." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నువ్వు ఏడుస్తా ఉంటే నాకు ఏమీ తెల్లేదే పాపా. గొర్రెలు పోయినాయి అంటే కాళ్లు అట్ల పోయినాయి."

"నాకు హాయిగానే ఉండింది మొదట. నిజంగా."

"ఊరుకో, నన్ను ఓదార్సొద్దు."

"ఓదార్చడం లేదు. నిజంగానే నొప్పి పోయింది, ఎందుకు పోయిందో తెలుసుకోవాలి నాకు."

ఆమె నా వైపు తిరిగి, నన్ను ఎగాదిగా చూసింది. "తోలు ఊడినా నీకు బుద్ధి రాలేదే!" అని నవ్వింది. నా కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే లాగుతూ కూర్చుంది. ఆ సాయంత్రం అమ్మ రెండు కంచాలు దొడ్డి దగ్గరికే తెచ్చి పెట్టి వెళ్లింది.

వింత ఏమిటంటే, ఏ కప్పూ లేని ఆ రెండు నెలల్లోనే చెయ్యి నెమ్మదిగా వచ్చింది. ఆగస్టు వచ్చేసరికి జడ అల్లుకోగలిగాను, వంకరగా. మరి కప్పు వల్ల లాభం లేనట్టా? ఉంది. మొదటిసారి చెయ్యి చెవిదాకా వెళ్లకపోతే అది వెళ్లగలదనే నమ్మకం నాకు ఉండేది కాదు. అంతకుమించి ఎంత కప్పుది, ఎంత వ్యాయామానిది, ఎంత ఊరికే కాలానిది అంటే విడదీసి చెప్పలేను. ఎవరైనా గట్టిగా చెప్తే నేను నమ్మను. మీకు ఇంత మాత్రం చెప్తాను. వేళ్లు మొద్దుబారినా, పట్టు తగ్గినా ముందు డాక్టర్‌కు చూపించండి. కప్పులు పెట్టించుకోవాలంటే తెలిసినవాళ్ల దగ్గరే పెట్టించుకోండి. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, చర్మం మీద పుండు ఉన్నా ముందే చెప్పండి. ఇంట్లో వీపు మీద చెంబూ ముంతా పెట్టుకోవద్దు. మచ్చ నల్లబడాలని ఎదురు చూడొద్దు.

అక్టోబరు, కుప్పం

దీపావళికి ముందే వెళ్లాను. మేడమ్ తన చెయ్యి ముందుకు చాపింది. "గట్టిగా పట్టుకో." పట్టుకున్నాను. "ఇంకా." ఇంకా పట్టుకున్నాను. బొటనవేలి కొసలో ఇంకా కాస్త మొద్దు ఉంది, ఆ సంగతి కూడా చెప్పేశాను.

"దాచకుండా చెప్పావు, మంచిది. లేపడం, మొయ్యడం ఇంకొకరి తోడు లేకుండా చెయ్యొద్దు. మిగతావి చెయ్యి," అంది. మిగిలిన పోస్టింగ్ అలాగే పూర్తి చేశాను. రేవతి అప్పటికే పాసై ఉద్యోగంలో చేరిపోయింది. వీడియో కాల్‌లో నా జడ చూసి, "నాకంటే బాగా వేసుకున్నావు పో," అని దెప్పింది.

ఇప్పుడు

ఇంకో వార్త కూడా ఉంది, దాన్ని ఇంతసేపు ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. శైలజక్క నన్ను తన సెంటర్‌లో పనికి పెట్టుకుంది! ఆ విత్తనాల షాపు పైనే. ఉదయం బస్సులో వెళ్లి సాయంత్రం వస్తున్నాను.

మొదటి రోజు మొదట వచ్చింది రామసముద్రం నుంచి ఒక పెద్దామె. వేరుశనగ కాయ వలిచి వలిచి భుజం పట్టేసింది. అల్మరాలో కప్పులు చూసి వెనక్కి జరిగింది.

"అవి నాకొద్దమ్మా. సేత్తోనే సెయ్యి."

"చేత్తోనే చేస్తానవ్వా," అన్నాను.

అనేశాక ఒకసారి నా కుడిచేతి వేళ్లు ముడిచి చాపి చూసుకున్నాను. ఇన్నాళ్లూ పట్టు కోసం రబ్బరు బంతి నొక్కాను, పోస్టింగ్‌లో ఇంకొకరి తోడుతో పని చేశాను. ఒక మనిషి భుజం మొత్తం మొదటి నుంచి చివరిదాకా, నా చేతులతో, ఒక్కదాన్నే చేసి నెలలయింది. శైలజక్క పక్క గదిలో ఉంది, రాలేదు. కావాలనే రాలేదని తర్వాత తెలిసింది.

నూనె వేడి చేసి మొదలుపెట్టాను. మొద్దుబారిన బొటనవేలికి కండలోని ముడి సరిగ్గా తెలియలేదు, పక్కన మధ్యవేలు ఆనించి చూశాను, దానికి తెలిసింది. ఇంకో విధంగా వెతకొచ్చని కనిపెట్టి లోలోపల మురిసిపోయాను. ఆమె తన కోడలి మీద ఫిర్యాదులు చెప్తూ, నడుమ నడుమ "ఆ, అక్కడే, అక్కడే," అంటోంది. సగం అయ్యేసరికి నా మోచేతిలో లాగుడు మొదలైంది. బరువు చేతి మీద కాకుండా కాళ్ల మీద పడేలా నిలబడ్డాను, శైలజక్క నేర్పినట్టు. లాగడం ఆగలేదు, అలాగని పెరగనూ లేదు. ఆమె కోడలి గొడవ ముగిసేలోపు భుజం వదులైంది.

లేచి కూర్చుని, చెయ్యి పైకెత్తి, కొప్పు ముడి తనే వేసుకుంది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మళ్లా వారం వస్తే నువ్వే సేస్తావా, ఇంగెవరన్నానా?"

"నేనే చేస్తానవ్వా," అన్నాను. "వారం కాదు, ఎప్పుడొచ్చినా నేనే ఉంటాను."